ఇద్దరం ఉద్యోగాలకు పోతాం, పగలంతా ఇంటికి తాళం. కుక్కను పెంచుకోవచ్చా?

ప్రశ్న: మిద్దింటి మనిషి, కర్నూలు

అందరికీ నమస్కారం. మేముండేది కర్నూలు వెంకటరమణ కాలనీ దగ్గర. నేను వార్డు సచివాలయంలో పని చేస్తాను. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. పాప కూడా అదే స్కూల్లో ఐదో తరగతి. పోయిన దసరా నుంచి పాపది ఒకటే గోల, కుక్కపిల్ల కావాలని.

ఇప్పుడు మా పెద్దనాన్న కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. వాళ్ల పక్క ఫ్లాట్‌లో ల్యాబ్రడార్ పిల్లలు పెట్టిందంట, 45 రోజులవి, ఒకటి ఊరికే ఇస్తామన్నారంట. పాపకు స్పీకర్‌లో వినిపించింది. ఇంక ఇంట్లో నా మాట ఎవరు వింటారు?

మా సంగతి ఇదీ. ఆవిడ, పాప ఎనిమిదింటికి బయలుదేరుతారు. నేను తొమ్మిదిన్నరకు తాళం వేస్తాను. బయోమెట్రిక్ ఉంది, పైగా సర్వేలని వీధులెంట తిరుగుడు. మధ్యలో ఇంటికి రావడం అయ్యే పని కాదు. వాళ్లు తిరిగొచ్చేసరికి నాలుగున్నర. అంటే ఏడు గంటలు ఇంట్లో ఎవరూ ఉండరు. అద్దె ఇల్లు, పై పోర్షను. మే నెలలో రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం, అంత కాగి ఉంటుంది. కింద ఓనర్లు ఉంటారు, పెద్దవాళ్లు. కుక్కకు వాళ్లు అడ్డు చెప్పలేదు, మెట్ల మీద మురికి చేయకుంటే చాలన్నారు.

డోన్ దగ్గర ఊర్లో మా అమ్మ ఉంటుంది. "కట్టేసి పొయ్యేదానికి కుక్కెందుకురా" అని ఒక్క మాటతో తేల్చేసింది. కావాలంటే మొదట్లో ఒక నెల వచ్చి ఉంటానని కూడా అంది, అది వేరే విషయం.

ఉద్యోగం చేస్తూ కుక్కను పెంచేవాళ్లు మీరు ఎట్లా నెట్టుకొస్తున్నారు? ఇంట్లో ఫ్యాను వేసి వదిలిపోతే సరిపోతుందా? మిద్దె మీద షెడ్డు వేయిస్తే? కుదరదంటే కుదరదని చెప్పండి, పాపకు చూపిస్తాను.

జవాబు: హంద్రీ గట్టు, కర్నూలు

వద్దన్నా. 45 రోజుల పిల్ల గంటన్నర, రెండు గంటలకు మించి ఆపుకోలేదు. మీరొచ్చేసరికి ఇల్లంతా అదే, అందులోనే అది కూడా. పైగా ఆ వయసులో తల్లి దగ్గర నుంచి తీయడమే తప్పు. కుక్కపిల్లల అమ్మకాల మీద 2017లో కేంద్రం పెట్టిన నిబంధనల్లో ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని ఉంది. మీకు ఊరికే ఇస్తున్నారు కాబట్టి అది వర్తించదని ఎవరైనా వాదించవచ్చు. పిల్లకు మాత్రం తేడా ఉండదు కదా. తోటి పిల్లలతో కొట్లాడుకుంటేనే ఎంత గట్టిగా కరవాలో, ఎక్కడ ఆపాలో దానికి తెలిసేది.

మిద్దె మీద షెడ్డు మాట మర్చిపోండి. రేకుల కింద మన మే నెల 42, 43 డిగ్రీలంటే మనిషే ఉండలేడు.

జవాబు: బడి టీచరమ్మ, అనంతపురం

అన్నా, ఏడు గంటలు ఎక్కువా తక్కువా అన్నది కాసేపు పక్కన పెట్టండి. మన సీమలో ఆ గంటలు ఏ పూట పడుతున్నాయో చూసుకోవాలి. మీవి సరిగ్గా ఎండ పూటే పడ్డాయి. బెంగళూరు వాళ్లు చెప్పే టైం టేబుల్ మనకు పనికి రాదు.

మాది అనంతపురం, కోర్టు రోడ్డు వెనక సందు. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. మా ఆయనకు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు. పొద్దున షిఫ్టు అయితే తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి. పిల్లలు హాస్టల్లో ఉన్నారు. అంటే మా ఇంటికీ పగలంతా తాళమే. అయినా కుక్క ఉంది, బాగానే ఉంది. పేరు బెల్లం, రంగు కూడా అదే. మా బడి వంటగది దగ్గర తిరిగే నాటుకుక్క. గుడ్లు ఉడికే వేళకు గుమ్మం ముందు హాజరు వేయించుకునేది. కొత్త హెడ్మాస్టరు గారు కుక్కలు బడిలో ఉండకూడదన్నారు. ఆ మాట న్యాయమే, పిల్లలుండే చోటు. అప్పుడు ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటికే పెద్దది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయ్యింది. వీధి కుక్కకు చెవి కొన కత్తిరించి ఉంటే ఆపరేషన్ చేసి వదిలినట్టు గుర్తు.

పెద్ద కుక్క ఆరేడు గంటలు ఆపుకోగలదు, పగలు ఎక్కువసేపు నిద్రపోతుంది కూడా. పిల్లకూ దానికీ పోలికే లేదు. ఉద్యోగస్తులు కుక్క అనగానే పిల్లనే ఎందుకు అడుగుతారో నాకు అర్థం కాదు. నెలల తరబడి ఇంట్లో మనిషి ఉండి చేయాల్సిన పని అది.

మా రోజు పొద్దున ఐదింటికి మొదలు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు వైపు ముప్పావు గంట తిప్పుతాను. బెల్లం ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగి వాసన చూస్తుంది. నేను లాగను. నడక కంటే ఆ వాసనలతోనే అది ఎక్కువ అలిసిపోతుంది. మొదట్లో బడికి లేటవుతుందని గబగబా తిప్పుకొచ్చేదాన్ని, ఆ రోజుల్లోనే చెప్పులు కొరికేది. సాయంత్రం మాత్రం చీకటి పడ్డాకే. మీ చేతి వెనక వైపు తారు రోడ్డు మీద ఐదారు సెకన్లు ఆనించండి. ఆగలేకపోతే కుక్కను దించొద్దు, వాటి పాదాలూ చర్మమే.

ఇంక పగలు. మాది కింది ఇల్లు, వెనక వసారాలో బేతంచెర్ల బండలు పరిచి ఉన్నాయి. అడుగున నేల కాబట్టి మే నెలలోనూ చల్లగానే ఉంటాయి. పన్నెండు కొట్టగానే బెల్లం పొట్ట బండకు ఆనించి, వెనక కాళ్లు రెండూ కప్పలా బార్లా చాపి పడుకుంటుంది. వసారాకు ఒక పక్క ఇనుప జాలీ, దానికి గోనెపట్టా కట్టి పొద్దున తడిపి పోతాను. నీళ్లకు వెడల్పాటి మట్టి బానలు రెండు. ఒకటి తన్నేసినా రెండోది మిగులుతుంది.

ఫ్యాను సంగతి అడిగారు. కరెంటు పోతే? కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల మెత్తల్లో కొంచెం, అంతే. మిగతా వేడంతా నాలుక బయట పెట్టి వగర్చి పోగొట్టుకోవాల్సిందే. మూసిన గదిలో గాలే కాగిపోతే ఎంత వగర్చినా లాభం లేదు. మీ పై పోర్షన్‌లో తలుపులు మూసి ఒక్క ఫ్యాను మీద భరోసాతో వదిలి పోవడానికి నేనైతే ఒప్పుకోను. ల్యాబ్రడార్‌కు వెంట్రుకలు రెండు పొరలు, అది ఇంకా కష్టం.

ఒంటరితనం గురించి కూడా చెప్పాలి. మొదటి వారంలో పాత ఫోనులో రికార్డింగ్ పెట్టి బడికి పోయాను. సాయంత్రం వింటే మొదట గేటు చప్పుడు, తర్వాత సన్నగా ఏడుపు, రెండు సార్లు గట్టి అరుపు, పక్కింటి కుక్కర్ విజిల్, బండల మీద గోళ్లు టకటక. ఆ తర్వాత గురక! మా ఆయన దాన్నే మళ్లీ మళ్లీ పెట్టి నవ్వాడు. అయితే తాళంచెవులు గలగలమంటే చాలు దానికి టెన్షన్ మొదలయ్యేది. అందుకని ఆదివారాలు ఊరికే తాళంచెవులు తీసి, చప్పుడు చేసి, మళ్లీ కూర్చునేదాన్ని. చెప్పులేసుకుని వంటింట్లో తిరిగేదాన్ని. గేటు దాకా పోయి రెండు నిమిషాలకు తిరిగొచ్చేదాన్ని, తర్వాత పది నిమిషాలకు. కొన్నాళ్లకు తాళంచెవులను పట్టించుకోవడం మానేసింది. పోయేటప్పుడు కౌగిలించుకుని "అమ్మ వస్తుంది బంగారూ" అని సీన్లు చేయొద్దు, వచ్చినప్పుడూ అంతే.

ఒక్క ఖర్చు మాత్రం తప్పలేదు. గిన్నెలు తోమడానికి వచ్చే ఆమెను పొద్దున బదులు మధ్యాహ్నం ఒంటిగంటకు రమ్మన్నాం, జీతం కొంచెం పెంచాం. వస్తే పెరటి తలుపు తీస్తుంది, నీళ్లు మారుస్తుంది, గోనెపట్టా మళ్లీ తడుపుతుంది. నా మీద చాడీలు కూడా బెల్లానికే చెబుతుందని పక్కింటి వాళ్ల రిపోర్టు.

నా మాట వింటే ఆ పిల్లను తేవొద్దు. కింది ఓనర్లను బతిమాలి వరండాలో చోటు అడగండి. పెద్ద కుక్కను చూసుకోండి.

జవాబు: నైట్ డ్యూటీ, కర్నూలు

కుక్క యజమానులే మాట్లాడుకుంటున్నారు, పక్కింటివాళ్ల మాట కూడా వినండి. నేను పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సును. నైట్ చేసి వచ్చి పొద్దున తొమ్మిదింటికి పడుకుంటాను. సరిగ్గా ఆ వేళకే ఎదురు మిద్దె మీద కుక్క మొదలుపెడుతుంది. వాళ్లకేమో తాళం వేసి పోయాక ఏం జరుగుతుందో తెలియదు. చెబితే "మాది అసలు అరవదండీ" అంటారు. టీచరమ్మ రికార్డింగ్ పెట్టుకున్నారు చూడండి, అది అందరూ చేయాలి. తెచ్చే ముందు అటూ ఇటూ నాలుగిళ్లకు మీ నంబరు ఇవ్వండి, అరిస్తే ఫోన్ చేయమనండి. పక్కింట్లో నాలాంటి వాళ్లు ఉంటే సగం తగాదా అక్కడే తీరుతుంది.

పాప ఉంది కాబట్టి ఇంకో మాట. కుక్క కరిచిన వాళ్లు మా దగ్గరికి గాయం మీద సున్నం, కారప్పొడి పెట్టుకుని వస్తారు, ఈ కాలంలో కూడా. సొంత కుక్క పన్ను గీరినా సరే, ముందు కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కట్టు కట్టొద్దు, ఆసుపత్రికి రావాలి. చర్మంలోకి వేసే పద్ధతిలో టీకా మొదటి రోజు, మళ్లీ 3, 7, 28 రోజులకు. రెండు వేయించుకుని "ఏం కాలేదులే" అని ఆపేస్తారు కొందరు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మా చేతిలో ఏమీ ఉండదు. మీ పాపకు ఇది మొదటి రోజే నేర్పండి. చిన్న గీత పడినా తిడతారని దాచకూడదు.

జవాబు: పాత కాంపౌండరు, కడప

బాబూ, నేను పశువుల ఆసుపత్రిలో పని చేసి రిటైరైన మనిషిని. మా కాలంలో బర్రెలు, గొర్రెలు వచ్చేవి. ఇప్పుడు మా కడపలో కూడా సంచిలో కుక్కపిల్లను పెట్టుకుని వచ్చేవాళ్లే కనబడతారు.

పిల్ల అయితే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా. మళ్లీ మూడు నాలుగు వారాలకొకటి చొప్పున, నాలుగు నెలలు నిండేదాకా. రేబిస్‌ది మూడు నెలలకు, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటేటా. జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, 1885లో పాశ్చర్ గారు మొదటిసారి ఒక పిల్లవాడికి ఆ టీకా ఇచ్చిన రోజది. టీకాలు పూర్తి కాకుండా వీధిలోకి దించితే పార్వో అనే అంటుజబ్బు పట్టుకుంటుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలు, రెండు మూడు రోజుల్లో పిల్ల పోతుంది. ఆ క్రిమి నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగుకు చస్తుంది. ఇంతకు ముందు మీ ఇంట్లో ఎవరైనా కుక్కపిల్లను పెంచారేమో, అది ఎట్లా పోయిందో ఓనర్లను అడుగు.

నన్నడిగితే మన సీమలో ఎండ తర్వాత పెద్ద శత్రువు పిడుదు. కుక్క ఒంటి మీద కనబడేవి కొన్నే. మిగతావి గోడ పగుళ్లలో, బండల సందుల్లో, మంచం కోళ్ల కింద గుడ్లు పెట్టి ఉంటాయి. కుక్కకు మందు పూసి ఇల్లు వదిలేస్తే వారానికి మళ్లీ అంతే. రోజూ సాయంత్రం చెవి లోపల, మెడ పట్టీ కింద, కాలి వేళ్ల మధ్య వెతకాలి. ఉద్యోగాలు చేసేవాళ్లు ఇదే ఎగ్గొడతారు. పిడుదు జ్వరం వస్తే తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కు నుంచి నెత్తురు కారుతుంది. నెత్తురులో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. తొందరగా పట్టుకుంటే మందుంది, నెల దాకా వాడాలి. "ఎండకు నీరసపడింది" అనుకుని నాలుగు రోజులు ఆగినవాళ్లే ఆఖరికి ఏడుస్తూ వస్తారు. ఇంట్లో ఉన్న మన జ్వరం బిళ్లలు, నొప్పి బిళ్లలు మాత్రం వేయొద్దు నాయనా. జ్వరం తగ్గడం అటుంచి కాలేయం, కడుపు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

వడదెబ్బ కూడా చెప్పేస్తాను. కుక్కకు మామూలుగానే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, అది జ్వరం కాదు. తూలుతూ, నోట జిగటగా చొంగ కారుస్తూ, పిలిస్తే పలకకుండా ఉంటే వెంటనే నీడకు లాగి ఒంటి మీద మామూలు నీళ్లు పొయ్యి, ఫ్యాను పెట్టు, ఆటో ఎక్కించు. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు. పెద్ద జబ్బయితే మా జిల్లా వాళ్లం ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీకి తీసుకుపోతాం.

మళ్లీ: మిద్దింటి మనిషి, కర్నూలు

అందరికీ ధన్యవాదాలు. పాపకు చదివి వినిపించాను. పార్వో దగ్గర ఏడ్చింది, గురక దగ్గర నవ్వింది. బెంగళూరుకు ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. అన్న ఏమీ అనుకోలేదు, పిల్లకు అప్పటికే ఇంకెవరో సిద్ధంగా ఉన్నారంట. పాప మాత్రం నాతో మాట్లాడటం లేదు, ఏం కావాలన్నా వాళ్లమ్మ ద్వారా కబురు.

టీచరమ్మ చెప్పినట్టు కింద అవ్వను అడిగాను. వాళ్ల ముందు వరండాకు గ్రిల్ ఉంది, కింద కడప బండలే, తూర్పు ముఖం కాబట్టి పదకొండు తర్వాత ఎండ రాదు. "పగలు ఇక్కడ పడుంటే నాకేం, నాకూ తోడు" అంది. తాతకు ఇష్టం లేదు కానీ అవ్వ మాటకు ఎదురు చెప్పడు.

మా వీధి చివర వాటర్ ట్యాంకు దగ్గర ఒక నల్ల కుక్క ఉంది, ఆడది, చెవి కొన కత్తిరించి ఉంది. ఇస్త్రీ బండి ఆయన జొన్నరొట్టె ముక్కలు వేస్తుంటాడు, ఆయన చెప్పడం రెండేళ్లుగా అక్కడే ఉందని, ఎవర్నీ కరవలేదని. అట్లాంటి వీధి కుక్క ఇంట్లో ఇముడుతుందా? రెండోది తిండి. మా అమ్మ సంగటి, పాలు పెట్టమంటోంది. మూడోది, పండక్కి ఊరికి పోతే ఎట్లా?

జవాబు: బడి టీచరమ్మ, అనంతపురం

ఇముడుతుంది, తొందర చేయకండి. వీధిలో స్వేచ్ఛగా తిరిగినదాన్ని ఒకేసారి గ్రిల్ లోపల మూసి తాళం వేస్తే అరుస్తుంది. ముందు అవ్వ వరండాలోనే తిండి పెట్టండి, గ్రిల్ తీసి ఉంచండి. దాని అంతట అది వచ్చి పడుకోవడం మొదలెట్టాక, మీరు ఇంట్లో ఉండగా కాసేపు మూయండి. మెడ పట్టీకి అలవాటు పడ్డాకే నడక. మొదలుపెట్టడానికి వేసవి సెలవులు బాగుంటాయి, ఆవిడా పాపా ఇంట్లోనే ఉంటారు కదా. ఆ నెల మీ అమ్మగారిని కూడా రమ్మనండి. కట్టేయకుండా పెంచుతున్నారని చూస్తే ఆమే మాట మారుస్తారు.

ఒకవేళ వరండాలో ఉండనని మొండికేస్తే వదిలేయండి. వీధిలోనే తిండి, టీకా మీరు చూసుకోవచ్చు, అదీ పెంపకమే.

తిండికి సంగటి, మజ్జిగ, ఉడికించిన గుడ్డు, ఉప్పూ కారం లేని చికెన్ మెత్తగా చేసి పెట్టండి. పాలు చాలా కుక్కలకు పడవు, విరేచనాలవుతాయి. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర వద్దు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ అసలే వద్దు. ఉడికిన కోడి ఎముకలు విరిగి గుచ్చుకుంటాయి. పాయసం గిన్నె నాకించేవాళ్లు ఎండుద్రాక్ష సంగతి గుర్తు పెట్టుకోండి.

పండగకు మేమిద్దరం కలిసి ఊరికి పోవడం తగ్గిపోయింది. ఒకరు ముందు, ఒకరు వెనక. చుట్టాలు తిడుతూనే ఉంటారు. మీకు అవ్వ ఉంది, అదృష్టవంతులు. అయినా అన్నీ ఆమె మీద వేయకండి, ఆ వయసులో కుక్క లాగితే పడిపోతారు.

మిద్దింటి మనిషి, కర్నూలు

సరే అక్కా. రేపు ఆదివారం ఇస్త్రీ ఆయనను తోడు తీసుకుని దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకుపోతాను, రేబిస్ టీకాకు. కాంపౌండరు సార్, పిడుదులకు మెడ మీద పోసే చుక్కల మందు మా ఫ్రెండు తెచ్చిచ్చాడు. ముందు స్నానం చేయించి పోయాలా?

పాత కాంపౌండరు, కడప

స్నానం చేయించినా రెండు రోజులు ఆగి పొయ్యి, పోశాక ఇంకో రెండు రోజులు నీళ్లు తగలనీయొద్దు. ఆ మందు ఒంటి నూనెతోనే పాకుతుంది. భుజాల మధ్య వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద పడేటట్టు పోయాలి, నాకడానికి అందకూడదు. డబ్బా మీద కుక్క బరువు ఎంతకని ఉందో చూసుకో. ఆ రోజు పాపను దాని వీపు నిమరొద్దని చెప్పు.